5430 అడుగుల ఎత్తులో స్కీ బోటుకి ప్రొపెల్లర్ ఎంపిక: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదట్లో

బోటు 1997 మోడల్. ఇన్‌బోర్డ్, డైరెక్ట్ డ్రైవ్, అంటే ఇంజిన్ బోటు మధ్యలో ఒక పెట్టెలో ఉంటుంది, దాని వెనక 1:1 ట్రాన్స్‌మిషన్, అక్కణ్నుంచి ఒక ఇంచు మందం షాఫ్టు ఏటవాలుగా అడుగులోంచి బయటికొచ్చి స్ట్రట్ అనే బ్రాకెట్‌లోంచి దూరి చివర్న ప్రొపెల్లర్, దాని వెనకే రడ్డర్. 5.7 లీటర్ల వీ8, ఫ్యూయల్ ఇంజెక్షన్. మాస్టర్‌క్రాఫ్ట్, నాటీక్, మాలిబు వాళ్ళు స్కీయింగ్ (బోటు వెనక తాడు పట్టుకుని నీళ్ళ మీద జారే ఆట) కోసం కట్టే బోట్లన్నీ అప్పట్లో ఇదే పద్ధతి, ఎందుకంటే ఇంజిన్ బరువు మధ్యలో ఉంటే అలలు చిన్నగా చదునుగా ఉంటాయి, స్కీయర్‌కి కావల్సింది అదే. నేనూ మా బావా కలిసి చలికాలంలో డాలస్ దగ్గర కొన్నాం, మా బావ ట్రక్కు వెనక కట్టుకుని కొలరాడో తీసుకొచ్చాడు. మేముండేది ఫోర్ట్ కాలిన్స్, బోటు నడిపేది హార్స్‌టూత్ రిజర్వాయర్‌లో.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. ఆ బోటు ఇన్నాళ్ళూ తిరిగింది సముద్రమట్టానికి 500 అడుగుల చిల్లర ఎత్తులో ఉన్న చెరువులో. హార్స్‌టూత్ నిండితే నీటి మట్టం 5430 అడుగులు. అక్కడ బాగా నడిచిన ప్రొపెల్లర్ ఇక్కడ నడవాలని రూలేం లేదు.

నీళ్ళలో దింపే ముందు ఇన్‌స్పెక్షన్ ఉంది, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బోటుకి ఇది మామూలుగా జరిగే చెక్ కాదు. టెక్సాస్ చెరువుల్లో జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్లలు బాగా పాకిపోయాయి, అవి ఒక్కసారి ఇక్కడి రిజర్వాయర్‌లోకి వచ్చాయంటే పైపులు, గేట్లు, పంపులు అన్నిటికీ పట్టేస్తాయి, మళ్ళీ వదిలించడం దాదాపు అసాధ్యం. అందుకని వేడి నీళ్ళతో అడుగంతా కడిగి, ఇంజిన్ కూలింగ్ లైన్లలోకి కూడా వేడి నీళ్ళు పంపించి, అప్పుడు గ్రీన్ సీల్ వేసి పంపారు. కొంచెం టైం పట్టింది కానీ దీని మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు, ఇంతమంది తాగే నీళ్ళు అవి, పొలాలకి వెళ్ళే నీళ్ళు అవి. కొండలకి అవతల పక్క నీళ్ళని 13 మైళ్ళ ఆడమ్స్ టన్నెల్ గుండా ఇటు తెచ్చి నింపుతారు, కొలరాడో బిగ్ థాంప్సన్ ప్రాజెక్టు అంటారు, కృష్ణా డెల్టాలో కాలవ నీళ్ళ కోసం ఎదురుచూసి పెరిగినవాళ్ళకి ఆ విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ చివర, హబ్ మీద ఏముందో చదవడం

బోటు ట్రైలర్ మీద ఉండగానే ప్రొపెల్లర్ కింద కూర్చుని టార్చి వేసి చూశాం. హబ్ (బ్లేడ్లు అతికి ఉండే మధ్య భాగం) మీద నాచు గీకితే 13×13 ఎల్‌హెచ్ అని, పక్కన ఒక ఇంచు అని కొట్టి ఉంది. మొదటి 13 వ్యాసం, అంటే బ్లేడ్ల కొసలు గీసే వృత్తం 13 ఇంచులు. రెండో 13 పిచ్, అంటే ఒక చుట్టు తిరిగితే ఏ జారుడూ లేకపోతే ముందుకి ఎంత వెళ్ళాలో అది. ఎల్‌హెచ్ అంటే లెఫ్ట్ హ్యాండ్, బోటు వెనక నిలబడి చూస్తే ముందుకి నడిచేటప్పుడు గడియారానికి ఎదురు తిరుగుతుంది. ఈ ఒక్క అక్షరం తేడా వస్తే మిగతావన్నీ సరిపోయినా ఆ ప్రొపెల్లర్ పనికిరాదు, కొనే ముందు మొదట చూడాల్సింది ఇదే. ఇంకోటి, మాది టేపర్ షాఫ్టు, అంటే చివరికి సన్నబడుతుంది, మధ్యలో పావు ఇంచు కీ (షాఫ్టు గాడిలో కూర్చునే చిన్న లోహపు ముక్క) ఉంటుంది, కొత్త బోట్లలో కొన్నిటికి స్ప్లైన్ షాఫ్టు, అంటే పళ్ళున్నది, వచ్చింది, వాటి ప్రొపెల్లర్ దీనికి పట్టదు.

మూడు బ్లేడ్లలో ఒకదాని కొస వంగి ఉంది, ఇంకోదాని అంచు మీద గోరు పట్టేంత గంటు. పాత యజమాని దాచలేదు, ముందే చెప్పాడు. ఒక బ్లేడ్ మిగతా రెండిటి కంటే తేడాగా నీళ్ళని కోస్తే వైబ్రేషన్ వస్తుంది, ఆ వైబ్రేషన్ స్ట్రట్ బేరింగ్‌నీ, షాఫ్టు లోపలికి వచ్చే చోట ఉండే ప్యాకింగ్‌నీ, చివరికి ట్రాన్స్‌మిషన్‌నీ తినేస్తుంది. కాబట్టి ప్రొపెల్లర్ ఎలాగూ మార్చాలి లేదా రిపేర్ చేయించాలి. మా బావ అయితే అదే నంబర్ కొత్తది ఆర్డర్ పెట్టేద్దాం, పని అయిపోద్ది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మార్చేటప్పుడే కదా సరైన నంబర్ ఏదో తేల్చుకోవాల్సింది, ఎలాగూ 500 డాలర్ల దాకా పెట్టబోతున్నాం, ఆ డబ్బు డాలస్ చెరువుకి సరిపోయే ప్రొపెల్లర్ మీద పెట్టడం ఎందుకు? ముందు పాతదాంతోనే నీళ్ళలో కొలతలు తీసుకుందాం, అంకెలు ఏం చెప్తే అది కొందాం అని తేల్చాం.

మే మొదట్లో, ముందు టాకోమీటర్ సంగతి

ప్రొపెల్లర్ ఎంపిక మొత్తం ఒక్క అంకె మీద నిలబడుతుంది: ఫుల్ థ్రాటిల్‌లో, మామూలుగా ఎక్కే జనంతో, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అందుకుంటుంది అనేది. మా ఇంజిన్ మాన్యువల్‌లో ఆ రేంజ్ 4400 నుంచి 4800. అంతకంటే తక్కువలో ఆగిపోతే ప్రొపెల్లర్ బరువెక్కువైనట్టు, దాటిపోతే తేలికైనట్టు. మరి ఆ అంకె చూపించే మీటరే తప్పు చూపిస్తే ఆ పైన వేసే లెక్కంతా తప్పే. పాతికేళ్ళు దాటిన బోట్లలో టాకోమీటర్‌ని నమ్మకూడదు. వెనకవైపు సిలిండర్ల సంఖ్యకి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అది 8 మీద ఉందో లేదో చూడాలి, తుప్పు పట్టి అటూ ఇటూ కాకుండా నిలిచినా ముల్లు తేడా చూపిస్తుంది. మాది 8 మీదే ఉంది.

తర్వాత ఇంజిన్ ముందు పుల్లీ మీద రిఫ్లెక్టర్ టేప్ ముక్క అంటించి, చేతిలో పట్టుకునే ఫోటో టాకోమీటర్‌తో, బోటు ట్రైలర్ మీద ఉండగా హోస్‌తో నీళ్ళు పెట్టి తక్కువ స్పీడులో ఒకసారి, మళ్ళీ చెరువులో నడుపుతూ పెట్టె మూత తెరిచి నేను దూరంగా కూర్చుని లైట్ చూపిస్తూ పై స్పీడుల్లో ఒకసారి పోల్చి చూశాం. బెల్టులు తిరుగుతుంటాయి, వదులు బట్టలు, మెడలో ట్యాగులు ఏం లేకుండా చూసుకోండి. తేలిందేంటంటే డ్యాష్ మీద ముల్లు పై స్పీడుల్లో దాదాపు 150 ఎక్కువ చూపిస్తోంది. పాత యజమాని డాలస్‌లో 4600 వస్తుందని చెప్పాడు కదా, అంటే అక్కడ నిజంగా వచ్చింది 4450 దగ్గర. 13×13 అక్కడికి కూడా రేంజ్ కింది అంచులోనే ఉందన్నమాట, పోనీ అక్కడికి అది సరిపోయింది.

స్పీడ్‌కి కూడా డ్యాష్ మీటర్ వదిలేశాం. అది పిటో గొట్టంలోకి వచ్చే నీటి ఒత్తిడి మీద నడిచేది, గొట్టంలో కొంచెం చెత్త ఇరుక్కున్నా అబద్ధం చెప్తుంది. ఫోన్ జీపీఎస్ పెట్టుకుని, ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి నడిపి రెండిటి సగటు తీసుకున్నాం. హార్స్‌టూత్ ఆరు మైళ్ళ పైన పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి దీనికి బాగా అనువు.

మే రెండో వారం, పాత ప్రొపెల్లర్‌తో కొలతలు

పొద్దున్నే వెళ్ళాం, గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కాకపోతే మంచు కరిగొచ్చిన నీళ్ళు కాబట్టి వెట్ సూట్ లేకుండా దిగే పరిస్థితి లేదు. బోటులో నలుగురం, ట్యాంకు సగం. ఫుల్ థ్రాటిల్‌లో నిజం ఆర్‌పీఎం 4150. జీపీఎస్ మీద 41.5 మైళ్ళు. 34 మైళ్ళ దగ్గర పట్టి ఉంచితే 3150.

లెక్క ఇలా వేస్తారు: ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించి 1056తో భాగిస్తే జారుడు లేకుండా వెళ్ళాల్సిన మైళ్ళ స్పీడ్ వస్తుంది, గేర్ 1:1 కాబట్టి మళ్ళీ దేంతోనూ భాగించక్కర్లేదు. 4150 సార్లు 13, భాగించు 1056, 51 వచ్చింది. మనం వెళ్ళింది 41.5. అంటే జారుడు, దీన్నే స్లిప్ అంటారు, దాదాపు 19 శాతం. స్లిప్ సున్నా ఎప్పుడూ అవదు, జారుడు లేకపోతే తోపుడే ఉండదు, కానీ ఈ తరహా బోటుకి పై స్పీడులో పది పన్నెండు శాతం దగ్గర ఉండాల్సింది 19 అంటే వంగిన బ్లేడు పనే అది.

మరి ఆర్‌పీఎం ఎందుకు పడిపోయింది? టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం పవర్ పోతుంది. ఐదున్నర వేల అడుగులకి 16 శాతం పైన పోయినట్టే. గాలి పల్చన, సిలిండర్‌లోకి వెళ్ళే ఆక్సిజన్ తక్కువ, ఇంజెక్షన్ సిస్టమ్ గాలిని బట్టి పెట్రోల్ కూడా తగ్గిస్తుంది కాబట్టి నల్ల పొగ రాదు గానీ పవర్ మాత్రం లేదు. కార్బురేటర్ బోటు అయితే జెట్లు కూడా మార్చుకోవాల్సి వచ్చేది. ఇంకా ఎండ సంగతి: 35 డిగ్రీల మధ్యాహ్నం ఇదే చెరువు మీద గాలి పల్చదనం తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, విమానాల వాళ్ళు దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. పొద్దున ఏడింటికి తీసిన కొలత మధ్యాహ్నం మూడింటికి రాదు. కాబట్టి ప్రొపెల్లర్‌ని పొద్దుటి అంకెకి కాకుండా మన జనం ఎక్కువగా దిగే టైముకి సరిపోయేలా చూడాలి, మాకైతే అది శనివారం మధ్యాహ్నం, పిల్లలతో.

ఇలా నడపడం వల్ల నష్టం ఏంటంటే, ఫుల్ లోడు లారీని శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద టాప్ గేరులో ఎక్కించినట్టు ఉంటుంది ఇంజిన్ పని. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటుంది, సిలిండర్లలో ఒత్తిడి ఎక్కువ, తిరగడం తక్కువ, అలా గంటల తరబడి నడిస్తే వేడి పెరుగుతుంది, డిటొనేషన్ (సిలిండర్లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లు పాడయ్యే ప్రమాదం ఉంటుంది. 13×13 ఇక్కడ బోటు స్పీడ్ తగ్గించడం ఒక్కటే కాదు, ఇంజిన్‌నే తినేస్తుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు, బోటు నడుస్తోంది కదా అనుకుంటారు.

మా బావని నీళ్ళలోంచి లేపడానికి పట్టిన టైం కూడా రాసుకున్నాం, ఒంటి స్కీ మీద డీప్ వాటర్ స్టార్ట్, థ్రాటిల్ కొట్టినప్పటి నుంచి 28 మైళ్ళు అందుకునేదాకా ఏడు సెకన్లు. అంతసేపు నీటి దెబ్బంతా ముఖానికీ చేతులకీ తగులుతూనే ఉంటుంది, వేళ్ళు జారిపోతాయి.

మే మూడో వారం, ఏ నంబర్ అనే చర్చ

మూడు సంగతులు చేతిలో ఉన్నాయి. పిచ్ ఒక ఇంచు తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది. బ్లేడ్ వెనక అంచుని చిన్నగా వంచి పెడతారు, దాన్ని కప్ అంటారు, కప్ ఎక్కువున్న ప్రొపెల్లర్ నీళ్ళని బాగా పట్టుకుంటుంది కానీ ఇంజిన్‌కి పిచ్ పెరిగినట్టే అనిపిస్తుంది, బాగా కప్ ఉన్న 12 పిచ్ ఒక్కోసారి 13లా బరువెక్కుతుంది, అందుకని రెండు కంపెనీల 12 పిచ్‌లని నంబర్ చూసి పోల్చకూడదు. మూడోది బ్లేడ్ల సంఖ్య. నాలుగు బ్లేడ్లైతే నీళ్ళలో తడిసే విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి మొదటి లాగుడు గట్టిగా ఉంటుంది, నడక నున్నగా ఉంటుంది, పై స్పీడ్ మాత్రం ఒకటి రెండు మైళ్ళు పోతుంది. అదే వ్యాసంలో మూడు నుంచి నాలుక్కి వెళ్తే పిచ్ ఇంకో అర ఇంచో ఇంచో తగ్గించాలి, లేదంటే మళ్ళీ బరువే.

వ్యాసం మార్చే ఆలోచన చేయలేదు. బ్లేడ్ కొసకీ బోటు అడుగుకీ మధ్య ఖాళీ కనీసం వ్యాసంలో పదో వంతు ఉండాలి, మాకు కొలిస్తే 1.4 ఇంచులు ఉంది, 13కి సరిగ్గా సరిపోయింది, పెద్దది పెడితే ప్రతి బ్లేడూ అడుగు దగ్గరికి వచ్చినప్పుడల్లా ధబ్ ధబ్‌మని నీళ్ళు అడుగుని కొడతాయి.

ఇక మాకేం కావాలి? ఇది రేసు బోటు కాదు. పోటీ స్లాలమ్‌లో, అంటే నీళ్ళ మీద తేలే బోయ్‌లని స్కీయర్ అటూ ఇటూ చుట్టి వచ్చే ఆటలో, పై స్పీడ్ గంటకి 58 కిలోమీటర్లు, అంటే 36 మైళ్ళు. 35 ఏళ్ళు దాటిన మగవాళ్ళకి, అలాగే ఆడవాళ్ళకి 55, అంటే 34 మైళ్ళు. 259 మీటర్ల కోర్సుని ఆ 55 మీద 16.95 సెకన్లలో దాటాలి. మా బావకి 38, ఎప్పటికైనా కోర్సులో దిగాలని ఉంది, కాబట్టి మాకు కావల్సిన పై స్పీడ్ 34, మహా అయితే 36. బోటు 45 పోతుందా 47 పోతుందా అన్నది మాకు అనవసరం. కావల్సింది 34 దగ్గర స్కీయర్ పక్కకి వాలి గట్టిగా లాగినప్పుడు బోటు స్పీడ్ పడిపోకుండా నిలబడడం, పడితే వెంటనే తేరుకోవడం. ప్రతి బోయ్ దగ్గర్నుంచి అల వైపు వచ్చేటప్పుడు స్కీయర్ లాగే బలం తన బరువుకి రెట్టింపు కూడా దాటుతుంది. అప్పుడు ఇంజిన్ దగ్గర ఇంకా తెరవడానికి థ్రాటిల్ మిగిలి ఉండాలి. అందుకే నా దృష్టిలో స్కీ బోటు ప్రొపెల్లర్‌ని టాప్ స్పీడ్ చూసి కొనడం పూర్తిగా తప్పు, నడిపే స్పీడ్ దగ్గర ఎంత మిగులు ఉందో చూసి కొనాలి.

మెటీరియల్ విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. నైబ్రాల్, అంటే నికెల్, బ్రాంజ్, అల్యూమినియం కలిసిన లోహం. గట్టిగా ఉంటుంది, పల్చటి బ్లేడ్ చేసినా లోడులో వంగదు, గంటు పడితే షాపులో సరిచేయొచ్చు. స్టెయిన్‌లెస్ ఇంకా గట్టిదే కానీ రాయి తగిలితే ప్రొపెల్లర్ నిలబడి షాఫ్టు, స్ట్రట్ వంగుతాయి. హార్స్‌టూత్‌లో వేసవి చివరికి పొలాలకి నీళ్ళు వదిలాక మట్టం దిగి, నిన్నటిదాకా లోతున్న చోట రాళ్ళు తేలతాయి, అలాంటి చెరువులో దెబ్బ తింటే ప్రొపెల్లర్ తినాలి గానీ షాఫ్టు తినకూడదు. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే మెషీన్ మీద చెక్కినదే తీసుకుందాం అనుకున్నాం, పోతపోసి చేత్తో రుద్దిన పాత రకంలో బ్లేడుకీ బ్లేడుకీ పిచ్ తేడాలుంటాయి, దీంట్లో ఆ తేడా దాదాపు ఉండదు.

ప్రొపెల్లర్ షాపులో ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళ పైగా ఇదే పని చేస్తున్నాడు, మా అంకెలన్నీ కాగితం మీద చూసి ముందు టాకోమీటర్ సరిచూశారా అని అడిగాడు, చూశాం అన్నాక కూర్చోండి అన్నాడు. టెస్ట్ కోసం మూడు ప్రొపెల్లర్లు ఇచ్చాడు, డిపాజిట్ కట్టించుకుని, గీత పడితే కొనుక్కోవాలి అనే షరతు మీద: మూడు బ్లేడ్ల 13×12, మూడు బ్లేడ్ల 13×11.5, నాలుగు బ్లేడ్ల 13×11. చాలా షాపులు ఇలా ఇస్తాయి, సిగ్గుపడకుండా అడగండి, నెట్‌లో నంబర్ చూసి కొనేకంటే ఇది వంద రెట్లు నయం.

మే చివరి వారం, పాతది ఊడదీయడం

బ్యాటరీ కేబుల్ తీసేసి, తాళం చెవి జేబులో వేసుకుని మొదలుపెట్టాం. కాటర్ పిన్ (నట్ ఊడకుండా అడ్డం పెట్టే పిన్ను) తీసి, నట్ వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు లోపలే ఉంచాం, ఎందుకంటే టేపర్ మీద బిగుసుకున్న ప్రొపెల్లర్ పుల్లర్‌కి వదిలినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి వెనక్కి ఎగురుతుంది, నట్ ఉంటే అక్కడే ఆగుతుంది. సుత్తితో కొట్టే పని అస్సలు వద్దు, స్ట్రట్ లోపల రబ్బరు బేరింగ్ ఉంటుంది, దెబ్బలన్నీ దానికీ ట్రాన్స్‌మిషన్‌కీ పోతాయి. గ్యాస్ మంట కూడా వద్దు, అదే రబ్బరు కాలిపోతుంది. సీ ఆకారం పుల్లర్ పెట్టి బిగిస్తూ పోతే ఒక చోట ఫట్‌మని వదిలింది.

షాఫ్టు ఖాళీగా దొరికింది కాబట్టి మిగతావి కూడా చూసేశాం. షాఫ్టుని పట్టుకుని పైకీ కిందకీ ఊపితే స్ట్రట్ బేరింగ్‌లో ఆట పెద్దగా లేదు. డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పితే టేపర్ దగ్గర వంపు 0.005 ఇంచు లోపే ఉంది, అంటే ఆ బ్లేడుని వంచిన దెబ్బ షాఫ్టు దాకా పోలేదు, చాలా సంతోషం వేసింది. ఇంజిన్‌కీ షాఫ్టుకీ మధ్య కప్లింగ్ అలైన్‌మెంట్ మాత్రం ట్రైలర్ మీద చూడకూడదు, బోటు నీళ్ళలో తేలినప్పుడు అడుగు ఆకారం కొంచెం మారుతుంది, అందుకని ర్యాంప్ దగ్గర డాక్‌కి కట్టి ఫీలర్ గేజ్‌తో చుట్టూ 0.003 ఇంచు లోపు ఉందని చూశాం.

జూన్ మొదట్లో, మూడిటితో పరీక్ష

అదే నలుగురు, ట్యాంకు సగం, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ప్రొపెల్లర్ మార్చిన ప్రతిసారీ బోటు ట్రైలర్ మీదకి ఎక్కించాలి, ర్యాంప్ దగ్గర లైన్లో వాళ్ళకి అడ్డం కాకుండా పార్కింగ్‌లో పక్కకి తీసి మార్చుకున్నాం, అంతా కలిపి ఒక వారాంతం పూర్తిగా దానికే పోయింది.

13×12 మూడు బ్లేడ్లు: ఫుల్ థ్రాటిల్ 4350, స్పీడ్ 43, స్లిప్ 13 శాతం. పవర్ పెరగలేదు, పిచ్ తగ్గింది, అయినా పాతదాని కంటే ఒకటిన్నర మైళ్ళు ఎక్కువే పోయింది, అంటే పాత ప్రొపెల్లర్ ఎంత నీటిని ఊరికే చిలికిందో చూడండి. వైబ్రేషన్ పూర్తిగా పోయింది, స్టీరింగ్ మీద చెయ్యి పెడితే వేరే బోటు అనిపించింది. 34 దగ్గర 3325. మా బావ లేవడానికి ఆరు సెకన్లు. కానీ రేంజ్ 4400కి ఇంకా చేరలేదు, మధ్యాహ్నం అయితే 4250 దాటలేదు. డాలస్‌లో ఉండి ఉంటే కళ్ళు మూసుకుని ఇదే తీసుకునేవాణ్ణి.

13×11.5 మూడు బ్లేడ్లు: పొద్దున 4480, మధ్యాహ్నం 4380. స్పీడ్ 43కి కొంచెం తక్కువ, స్లిప్ 12. 34 దగ్గర 3450. లేవడం ఐదున్నర సెకన్లు. చాలా బావుంది, నిజానికి ఇక్కడే ఆగిపోయినా తప్పు లేదు, ధర కూడా నాలుగు బ్లేడ్ల దానికంటే తక్కువ.

13×11 నాలుగు బ్లేడ్లు: పొద్దున 4520, మధ్యాహ్నం 4430. స్పీడ్ 41.5, పాతదాంతో వచ్చినంతే. స్లిప్ 12 లోపు. 34 దగ్గర 3600. లేవడం ఐదు సెకన్ల లోపు. అంకెలు పక్కన పెడితే అసలు తేడా తాడు చివర తెలిసింది. మా బావ నీళ్ళలోంచి లేచి, రెండు పక్కలా నాలుగైదు సార్లు గట్టిగా కోసి, తాడు వదిలి బోటు దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఇంతకు ముందు నేను లాగితే బోటు నాతో పాటు వచ్చేది రా, ఇప్పుడు రావట్లేదు, గోడకి కట్టిన తాడు లాగినట్టుంది అన్నాడు. నేను స్టీరింగ్ దగ్గర చూస్తున్నా, జీపీఎస్‌లో స్పీడ్ పాతదాంతో మైలున్నర దాకా పడేది, దీంతో అర మైలు దాటలేదు. మా అక్క స్కీ చేసి రెండేళ్ళైంది, మధ్యాహ్నం ఎండలో మొదటి ప్రయత్నంలోనే లేచింది, నాకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

ఇంకోటి గమనించాం, తక్కువ స్పీడుల్లో కూడా ఇది నిలకడగా ఉంది. మా మేనకోడలికి తొమ్మిదేళ్ళు, తనని రెండు స్కీల మీద 15, 16 మైళ్ళ దగ్గర లాగాలి. మూడు బ్లేడ్ల వాటితో ఆ స్పీడులో బోటు ముక్కు పైకెత్తుకుని ప్లేన్ మీదకి (నీటి పైకి తేలి పరిగెత్తే స్థితికి) ఎక్కుతూ దిగుతూ ఉండేది, డ్రైవర్ థ్రాటిల్‌తో పోట్లాడాల్సి వచ్చేది. నాలుగు బ్లేడ్లతో ముక్కు తొందరగా దిగి అక్కడే నిలబడింది. పిల్లలకి నేర్పే బోటుకి దీన్ని నేను టాప్ స్పీడ్ కంటే ఎంతో పైన లెక్కేస్తాను.

రివర్స్‌లో మాత్రం నాలుగిటికీ తేడా లేదు, లెఫ్ట్ హ్యాండ్ కాబట్టి వెనక భాగం కుడి వైపుకే లాగుతుంది, అందుకే మేం డాక్‌ని ఎప్పుడూ కుడి పక్కన పెట్టుకునే వస్తాం.

జూన్ రెండో వారం, కొనడం, బిగించడం

నాలుగు బ్లేడ్ల 13×11 తీసుకున్నాం. మా బావకి 11.5 మీద కొంచెం మనసుంది, పెట్రోల్ తక్కువ తాగుతుందని. 34 దగ్గర 150 ఆర్‌పీఎం తేడాకి పెట్రోల్ తేడా ఉంటుంది, కాదనను, కానీ మధ్యాహ్నం రేంజ్ లోపల ఉన్నది ఇదొక్కటే, ఇంజిన్ ఆయుష్షు ముందు ఆ పెట్రోల్ ఖర్చు పెద్దది కాదు అన్నా, చివరికి ఒప్పుకున్నాడు.

బిగించడంలో అందరూ తొందరపడే చోటు ఒకటుంది, అది కొంచెం వివరంగా రాస్తా. ప్రొపెల్లర్‌ని తిప్పే బలమంతా టేపర్ పట్టు మీద పోవాలి, కీ అనేది కేవలం తోడు. హబ్ లోపలి నునుపూ షాఫ్టు నునుపూ పూర్తిగా కలవాలి. అందుకని కీ లేకుండా, టేపర్ మీద వాల్వులకి వాడే గ్రైండింగ్ పేస్ట్ పల్చగా రాసి, కొత్త ప్రొపెల్లర్ ఎక్కించి చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, తీసి తుడిచి చూస్తూ, హబ్ లోపల మాసిన రంగు చుట్టూ సమానంగా వచ్చేదాకా చేశాం. తర్వాత ఆ పేస్ట్ ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడిగేయాలి, అది బేరింగ్‌లోకి పోతే దాన్ని కూడా అరగదీస్తుంది.

ఆ తర్వాత కీ లేకుండానే ప్రొపెల్లర్‌ని గట్టిగా నెట్టి, హబ్ ముందు అంచు షాఫ్టు మీద ఎక్కడ ఆగిందో మార్కర్‌తో గీత గీశాం. ఇప్పుడు కీ పెట్టి మళ్ళీ నెట్టాలి. హబ్ సరిగ్గా అదే గీత దాకా రావాలి. ముందే ఆగిపోయిందంటే కీ పైకెక్కి హబ్‌ని ఎత్తి పట్టిందని అర్థం, అలాగే బిగిస్తే ప్రొపెల్లర్ టేపర్ మీద కాకుండా కీ మీద కూర్చుంటుంది, కొన్నాళ్ళకి హబ్ పగులుతుంది లేదా షాఫ్టు కీ గాడి దగ్గర విరుగుతుంది. మాకు మొదట వెంట్రుకవాసి తేడా వచ్చింది, కీ పై ముఖాన్ని సాన కాయితం మీద కొంచెం రుద్దాక గీతకి గీత కలిసింది. గ్రీజు ఏం రాయలేదు, టేపర్ పొడిగా ఉండాలని షాపు పెద్దాయన గట్టిగా చెప్పాడు. కొత్త నైలాక్ నట్, బ్లేడుకీ బోటు అడుగుకీ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టి బిగింపు, కొత్త కాటర్ పిన్.

పాత 13×13ని అదే షాపులో ఇచ్చాం. వంగిన కొస సరిచేసి, మూడు బ్లేడ్లనీ స్కానర్ మీద కొలిచి, పిచ్‌ని 12కి దించి ఇస్తానన్నాడు, ఒకటి రెండు ఇంచులు అలా మార్చొచ్చు, కొత్తదాని ధరలో మూడో వంతు అవుతుంది. అది బోటులో స్పేర్‌గా ఉంటుంది, దాంతో పాటు పుల్లర్, ఒక నట్, పిన్ను, కీ ఒక సంచిలో. ఆగస్టులో నీళ్ళు దిగాక రాయి తగిలినా ఆ రోజు పాడవకుండా ర్యాంప్ దగ్గరే మార్చుకుని మళ్ళీ దిగొచ్చు.

జూన్ మూడో వారం

మొదటిసారి నడిపాక నట్ మళ్ళీ చూశాం, చుట్టులో ఎనిమిదో వంతు ఇంకా తిరిగింది, ఇది మామూలే, హబ్ టేపర్ మీద ఇంకొంచెం కూర్చుంటుంది. పిన్ను మళ్ళీ వేశాం. స్టఫింగ్ బాక్స్ (షాఫ్టు లోపలికి వచ్చే చోట ప్యాకింగ్ ఉండే పెట్టె) దగ్గర చుక్కలు బోటు నడిచేటప్పుడు పడుతున్నాయి, ఆపాక దాదాపు ఆగుతున్నాయి, అలాగే ఉండాలి.

స్పీడ్ కంట్రోల్ బాక్స్ పాత ప్రొపెల్లర్ ఆర్‌పీఎంకి సెట్ చేసి ఉంది, 34కి 3150 అని దాని లెక్క, ఇప్పుడు 3600 కావాలి కాబట్టి వచ్చే శనివారం పొద్దున జీపీఎస్ పెట్టుకుని 15 నుంచి 36 దాకా ఒక్కో స్పీడ్‌కీ కొత్త అంకెలు ఎక్కించాలి. ఆ పట్టిక పూర్తవగానే ఇక్కడే కింద రాస్తాను, ఇదే ఎత్తులో 5.7 లీటర్ల 1:1 బోటు ఉన్నవాళ్ళకి మొదలుపెట్టడానికి పనికొస్తుంది, కాకపోతే మీ టాకోమీటర్ ముందు సరిచూసుకోండి.